చెప్పు రబ్బరు కప్ప

మా చిన్నతాత బతికున్న కప్పను ఏనాడూ గాలానికి గుచ్చలేదు. కొర్రమట్ట చేపకు కప్పను మించిన ఎర లేదని మా నల్లగొండ దిక్కు గాలం పట్టిన ప్రతి మనిషికీ తెలుసు. ఆయనకూ తెలుసు. కానీ ఆయన ముందు రైతు, ఆ తర్వాతే గాలం మనిషి. "మన మడిల పురుగులు తిని, కూలి అడగకుంట పని చేసే జీవిరా అది. దాని వీపుల ముల్లు గుచ్చుటానికి నాకు చెయ్యి రాదు" అనేవాడు. ఆ ఒక్క పట్టుదల వల్ల ఆయన ఏళ్ల తరబడి కప్పలు తయారుచేస్తూనే ఉన్నాడు. చెప్పు రబ్బరుతో, జీలుగు బెండుతో, సైకిల్ ట్యూబుతో. చేపల గురించి నాకు తెలిసిందంతా ఆ కప్పలు చేస్తున్నప్పుడు ఆయన పక్కన కూర్చుని విన్నదే.

మాది హాలియా దగ్గర ఊరు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అంతకుముందు మా చెరువు వానలకు నిండి, ఎండాకాలానికి నెర్రెలు విచ్చేదని ఇంట్లో చెప్పేవారు. ఎడమ కాలువ వచ్చాక వరి మళ్ల నుంచి జారిన నీళ్లన్నీ చెరువులోకే చేరేవి. నాకు ఊహ తెలిసేసరికి తూము దగ్గర నుంచి అలుగు దాకా అంచంతా తుంగ, జమ్ము, కలువాకులే. నడి చెరువులో వలలు వేసే హక్కు చేపల సొసైటీ వాళ్లది. బొచ్చెలు, రవ్వలు వాళ్లవి. కానీ తుంగలోకి వల దిగదు. దిగినా చిరిగిపోతుంది. కొర్రమట్ట కాపురం ఉండేది ఆ తుంగలోనే. అందుకే అది గాలం వాళ్ల చేప అయింది. సొసైటీ వాళ్లు చూసినా ఏమనేవాళ్లు కాదు. పెద్దదేమైనా పడితే దగ్గరికొచ్చి, ఎత్తి చూసి, బరువు అంచనా కట్టి పోయేవాళ్లు.

కొర్రమట్ట గాలి పీలుస్తుంది. మొప్పలున్నా అవి దానికి చాలవు. ఉండుండి పైకి వచ్చి ఒక గుటక వేసి మళ్లీ కిందికి పోతుంది. అందుకే నీళ్లు అడుగంటిన చెరువులో, బురదలో కూడా చాలాకాలం ప్రాణం నిలుపుకుంటుంది. సంతలో తడి గోనె మీద ప్రాణంతో ఉండగానే అమ్ముతారు. ఇప్పుడు అది మన తెలంగాణ రాష్ట్ర చేప. గాలం వేసేవాడికి ఆ గుటకే ఆధారం. చిన్నతాత చెరువు కట్ట మీద ఊరికే కూర్చున్నట్టు కనిపించేవాడు. నిజానికి ఆయన చెవులు తుంగలో ఉండేవి. కలువాకుల మధ్య 'గుబుక్' మని వినబడగానే చేత్తో నన్ను ఆపేవాడు. కానీ గాలం వెంటనే వేసేవాడు కాదు. "అది గుటక ఏసిన కాడ ఎయ్యొద్దు బిడ్డా. నెత్తి మీద పడితే ఉరుకుతది. రెండు మూరలు అవతల ఏసి, దాని పక్కపొంటి పోనియ్యి."

గాలం కట్టెకు ఆయన చేసే సేవ చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమే. కణుపులు దగ్గర దగ్గరగా ఉన్న సన్నటి వెదురు బొంగును ఎంచుకుని, నీడలో ఆరబెట్టి, వంకర ఉన్న చోట సన్న సెగ మీద కాచి, మోకాలికి ఆనించి సరిచేసేవాడు. తర్వాత ఆముదం పట్టించేవాడు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆ రోజుల్లో ఆముదం చేను లేని ఊరు అరుదు. దీపానికీ, తలకూ, బండి ఇరుసుకూ, గాలం కట్టెకూ అదే నూనె. కొర్రమట్ట కట్టెకు కొన మరీ మెత్తగా ఉండకూడదని ఆయన లెక్క. పరకలకు, జెల్లలకు వంగే కొన కావాలి. తుంగలో ఉన్న కొర్రమట్టకు మాత్రం, పడిన మరుక్షణం నిట్టనిలువుగా పైకి లేపగలిగే గట్టి కట్టె కావాలి. దానికి గడువిస్తే జమ్ము మొదళ్లలోకి దూరి దారాన్ని నాలుగు చుట్లు చుట్టేస్తుంది. అట్లాగే దారం పొట్టిగా, లావుగా ఉండాలి. దాని పళ్లు చిన్నవే కానీ పదునైనవి. అందుకే గాలానికి పైన జానెడు మేర సైకిల్ బ్రేకు వైరులోంచి తీసిన ఒక పోగు కట్టేవాడు.

మొదట్లో ఆయన చేసినవి చెంచాలు. అల్యూమినియం చెంచా కాడ కోసి పారేసి, రెండు చివర్లా మేకుతో బెజ్జాలు పొడిచి, ఒకవైపు దారం, ఒకవైపు గాలం. లాగుతుంటే నీళ్లలో అటూ ఇటూ దొర్లుతూ పరక పిల్ల మెరిసినట్టు మెరుస్తుంది. వాలుగలు దానికి బాగా పడేవి. కానీ తుంగలో అది పనికిరాదు, ప్రతి కాడకూ తట్టుకుంటుంది. ఆ తర్వాత జీలుగు బెండుతో కప్పలు చెక్కాడు. బెండు బ్లేడుకు వెన్నలా తెగుతుంది, బాగా తేలుతుంది, కానీ కొర్రమట్ట ఒక్కసారి పట్టిందంటే ముక్కలే. అప్పుడు ఆయన చూపు మా ఇంటి వసారాలో పడి ఉన్న అరిగిపోయిన హవాయి చెప్పుల మీద పడింది.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన బుర్ర ఎట్లా పనిచేసేదో ఇందులోనే తెలుస్తుంది. కొత్త చెప్పు పనికిరాదు, గట్టిగా ఉంటుంది. మడమ దగ్గర అరిగి మెత్తబడిన భాగమే కావాలి. దాన్ని బొటనవేలంత పొడవున కోసి, ముక్కు వైపు సన్నగా, వెనుక వెడల్పుగా చెక్కాలి. చెప్పుకు పైన తెలుపు, కింద నీలం ఉంటాయి కదా, తెలుపు వైపు కప్పకు పొట్ట కావాలి. చేప కిందనుంచే చూస్తుంది కాబట్టి దానికి కనబడేది పొట్టే. వీపుకు దీపం మసి ఆముదంలో కలిపి పూసేవాడు. ఆ రంగు చేప కోసం కాదని, కట్ట మీద కూర్చున్న కొంగల కోసమని చెప్పేవాడు. నేను చాలాకాలం నమ్మాను, ఇప్పటికీ అది తప్పని అనుకోవడం లేదు. కాలిపోయిన బోరు మోటారులోంచి తీసిన రాగి తీగతో రెండు గాలాల్ని వీపూ వీపూ కలిపి కట్టి, వాటి ముళ్లు పైకి చూసేట్టు రబ్బరు మీద పడుకోబెట్టేవాడు. సైకిల్ ట్యూబును సన్నటి పేలికలుగా కోసి కాళ్లు పెట్టేవాడు.

అసలు కిటుకు కప్ప వీపు మీద నిలువునా వేసిన కోతలో ఉంది. గాలాల ముళ్లు ఆ కోత అంచుల్లో కొద్దిగా మునిగి ఉంటాయి. అందువల్ల కలువాకు మీద జారినా, తుంగ మధ్య దూరినా ఎక్కడా చిక్కుకోవు. చేప నోట్లో పట్టి నొక్కినప్పుడే రబ్బరు అణిగి ముళ్లు బయటికి వస్తాయి. దీన్ని ఆయనకు ఎవరూ చూపించలేదు. ఎన్నో కప్పలు చెడగొట్టి కనుక్కున్నాడు. గట్టి రబ్బరైతే చేప ఉమ్మేస్తుందని, మరీ మెత్తనిదైతే ముళ్లు ముందే బయటపడి గడ్డి పట్టుకుంటుందని, నడిమధ్య ఎక్కడ ఆగాలో వేలితో నొక్కి చెప్పేవాడు. నాకు పదేళ్లప్పుడు నా చేతికి ఒక్కో కప్ప ఇచ్చి "నొక్కు, ఏది పనికొస్తది?" అని అడిగేవాడు. చదువులో నాకు అంత శ్రద్ధగా పరీక్ష పెట్టిన మనిషి ఇంకొకరు లేరు.

ఇంత చేసినా అది చూడ్డానికి కప్పలా ఉండేది కాదు. మా నాయనమ్మ దాన్ని చూసి "ఇది కప్పనా, చింతపిక్కనా?" అనేది. చిన్నతాత పట్టించుకునేవాడు కాదు. చేపకు కావలసింది రూపం కాదు, నడక అని ఆయన గట్టి నమ్మకం. కలువాకు మీద వేసి కాసేపు కదలకుండా ఉంచాలి. చిన్నగా ఒక్కసారి జాడించి నీళ్లలోకి దింపాలి. మళ్లీ ఆగాలి. అలసిన కప్ప ఈదినట్టు ఆగి ఆగి రావాలి. ఆగినప్పుడే చేప పడుతుంది, లాగుతున్నప్పుడు కాదు. నీళ్లు చిమ్మి 'చప్' మని చప్పుడు రాగానే అందరూ చెయ్యి గుంజేస్తారు. ఆయన మాత్రం ఊపిరి బిగబట్టి, చేప బరువు కట్టెకు తెలిసేదాకా ఆగి, అప్పుడు ఎత్తేవాడు.

మృగశిర కార్తె వచ్చిందంటే ఊళ్లో చేపకు విలువే వేరు. జూన్ 7నో 8నో, ఆ రోజు ప్రతి ఇంట్లో చేప ఉడకాలి. హైదరాబాద్‌లో బత్తిని వాళ్లు ఉబ్బసానికి ఇచ్చే చేప ప్రసాదంలో వాడేది కూడా కొర్రమట్ట పిల్లలనే. మా ఇంట్లో ఆ రోజు చిన్నతాత గాలమే దిక్కు. నాయనమ్మ చేపను బండ మీద వేసి బూడిదతో రుద్ది జిగురు తీసి, మట్టి దాకలో చింతపండు పులుసు పెట్టేది. మెంతులు కొద్దిగా, పచ్చిమిరపకాయలు ఎక్కువ. మరునాటికి ఆ పులుసు ఇంకా రుచి.

కానీ అదే కార్తె దాటి వానలు బాగా పడ్డాక ఆయన గాలం పక్కన పెట్టేవాడు. ఆ రోజుల్లో తుంగ అంచున నీళ్లపై ఎర్రగా, నారింజ రంగులో ఒక ముద్ద కదులుతూ కనబడుతుంది. అది కొర్రమట్ట పిల్లల గుంపు. వాటి కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో గుంపు దగ్గర ఏది పడినా అవి కోపంతో మీదపడి కరుస్తాయి. ఆకలి లేకపోయినా కరుస్తాయి. ఇంతకంటే సులువుగా కొర్రమట్ట ఎప్పుడూ పడదు. ఊళ్లో కొందరు అట్లా పట్టేవాళ్లు. చిన్నతాత వాళ్లతో కొట్లాడేవాడు. మెత్తటి మనిషి, మరే విషయానికీ గొంతు పెంచేవాడు కాదు. "పెద్దది పోతే ఆ పిల్లలన్నిటిని పొద్దుగూకేలోపు పరకలు, కొంగలు తినేస్తయ్" అని వాళ్ల ఇళ్ల ముందుకు పోయి మరీ చెప్పేవాడు.

మా బాబాయి కొడుకు చదువుకుని డల్లాస్ వెళ్లాడు. చిన్నప్పుడు మాతోపాటు అదే కట్ట మీద కూర్చున్నవాడే. అక్కడ వాడికి బాస్ అనే మంచినీటి చేపల వేట పిచ్చి పట్టుకుంది. లేక్ ఫోర్క్ అని టెక్సాస్‌లో పేరుమోసిన చెరువు, పెద్ద పెద్ద లార్జ్‌మౌత్ బాస్‌లకు అది కాణాచి. ఒక సంక్రాంతికి వస్తూ వాడు చిన్నతాత కోసం ఒక డబ్బా తెచ్చాడు. అందులో రకరకాల ఎరలు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి, చూపు తగ్గింది, వేళ్లు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. మంచంలో కూర్చుని ఒక్కొక్కటే తీసి తడుముతున్నాడు. లోపల డొల్లగా ఉన్న రబ్బరు కప్ప ఒకటి చేతికి వచ్చింది. బొటనవేలితో నొక్కాడు. రబ్బరు అణిగి, వీపుకు ఆనుకుని దాక్కున్న రెండు గాలాల ముళ్లు బయటికి వచ్చాయి. ఆయన నావైపు తిరిగి పెద్దగా నవ్వాడు. మళ్లీ నొక్కాడు, మళ్లీ నవ్వాడు. వేల మైళ్ల అవతల ఎవరో తనలాగే ఆలోచించారని ఆయనకు ఎంత సంతోషమో.

ఆ సాయంత్రమంతా తమ్ముడికి ప్రశ్నలే. బాస్ కూడా గడ్డిలోనే ఉంటుందా? ఉంటుంది. గాలికి పైకి వస్తుందా? రాదు, దానికి మొప్పలే చాలు. కొర్రమట్టకూ దానికీ చుట్టరికం లేదు, కుటుంబాలే వేరు. పిల్లల్ని కాస్తుందా? మగది గూడు చేసి కాస్తుంది. కప్ప ఎరకు ఎట్లాంటి దారం వాడతారు? తమ్ముడు చెప్పింది వింటే, కలువాకుల్లో వాళ్లు వాడేది యాభై, అరవై పౌన్ల బరువు ఆపే అల్లిక దారం, ఏడడుగుల గట్టి కట్టె. పడగానే నిలువునా లేపడమే. "అట్లనే ఉండాలె" అన్నాడు చిన్నతాత. అందరికంటే పెద్ద బాస్ ఎంత? 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ అనే మనిషి పట్టింది 22 పౌన్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైమాట. 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానికి సమానంగా నిలిచింది కానీ, ఈ మాటలు జరిగేనాటికి పెర్రీదే రికార్డు. "దాన్ని ఏం చేసిండు?" అని అడిగాడు తాత. ఇంటికి తీసుకుపోయి వండుకున్నారని తమ్ముడు చెప్పగానే తృప్తిగా తలూపాడు.

ఇప్పుడు అక్కడ చాలామంది పట్టి వదిలేస్తారని, రే స్కాట్ స్థాపించిన బాస్ సంఘం 1972 నుంచి పోటీల్లో ఆ పద్ధతిని తెచ్చిందని తమ్ముడు చెబితే మాత్రం ఆయనకు కాసేపు మింగుడుపడలేదు. తినని చేపను పట్టడం ఎందుకు? తర్వాత తనే అన్నాడు, పిల్లలున్నప్పుడైతే అది మంచి పద్ధతేనని. ఇంకో మాట ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. కొర్రమట్ట జాతి చేపల్ని ప్రాణంతో అమెరికాకు తేవడాన్ని 2002లో నిషేధించారట. మేరీలాండ్‌లో ఒక కుంటలో ఆ జాతి చేపలు దొరికి పెద్ద గోల అయిందట. "పిల్లల్ని సాకే చేపను అట్ల అంటరా?" అన్నాడు. తమ్ముడు, అది అక్కడి నీళ్లది కాదు తాతా, అక్కడి చేపల్ని తినేస్తుందని భయం అన్నాడు. చిన్నతాత చాలాసేపు ఆలోచించి, "మన చెర్ల జిలేబి చేసిన పని అక్కడ ఇది చేస్తదన్నట్టు" అన్నాడు. 1952లో మన దేశానికి తెచ్చిన జిలేబి చేప (తిలాపియా) మా చెరువులో పరకల్ని ఎంత తగ్గించిందో ఆయన కళ్లతో చూసినవాడు. శాస్త్రం చదవని ఆ మనిషి అంత తొందరగా ఆ విషయాన్ని పట్టుకోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

డబ్బాలో ప్లాస్టిక్ ఎర్రలు, అంటే వానపాములు కూడా ఉన్నాయి. గాలం ముల్లును ఆ ఎర్ర ఒంట్లోనే దాచి, ముందు తూటాలాంటి సీసం పెట్టి అడుగున లాగే పద్ధతిని టెక్సాస్ రిగ్ అంటారు. వాటిని మొదట ఎవరు చేశారని తాత అడిగాడు. 1949లో ఒహాయో రాష్ట్రంలో నిక్ క్రీమ్ అనే ఆయన ఇంట్లో వంట పొయ్యి మీదే కాచి పోశాడు. ఫిన్లాండ్‌లో లౌరి రపాలా 1936లో బెండు చెక్కి, చాక్లెట్ చుట్టే తగరపు కాగితం తొడిగి, ఫొటో నెగిటివ్‌లు కరిగించి పూత వేశాడు. దెబ్బతిన్న చేపపిల్ల ఎట్లా తడబడుతూ ఈదుతుందో, పెద్ద చేపలు గుంపులోంచి దాన్నే ఎట్లా ఏరుకుంటాయో గమనించి, తన బెండుకు ఆ నడక తెచ్చాడు. ఇది విని చిన్నతాత "బెండేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన ముఖంలో ఆ గర్వం నేను అంతకుముందు చూడలేదు. మా చెరువులో ప్లాస్టిక్ ఎర్రకు కొర్రమట్టలు పెద్దగా రాలేదు. జెల్లలు మాత్రం కొరికి కొరికి పాడుచేశాయి. కలువాకుల్లో పైన ఈదే ఎరదే రాజ్యమని నా అభిప్రాయం.

తమ్ముడు తెచ్చిన కప్ప మాత్రం బాగా పనిచేసింది. దాన్ని పది రకాలుగా విసిరించి చూసిన చిన్నతాత ఒక విషయం పట్టుకున్నాడు. ఎట్లా విసిరినా అది పొట్ట కిందికే పడుతోంది. తన కప్ప సగంసార్లు వెల్లకిలా పడేది, అప్పుడు దారం జాడించి తిప్పాల్సి వచ్చేది. కప్పను తెప్పించుకుని వేలితో తడిమాడు. వెనుక భాగంలో బరువు ఉంది. వెంటనే నన్ను విసురు వల కుట్టే వాళ్లింటికి పంపి ఒక సీసపు గుండు తెప్పించాడు. రాయి మీద కొట్టి పలచన చేసి, తన రబ్బరు కప్ప తోక వైపు, పొట్ట అడుగున గాటు పెట్టి అందులో దాచి, రాగి తీగతో కుట్టాడు. బకెట్టు నీళ్లలో వేసి చూశాడు. ముక్కు కొంచెం పైకెత్తి, వెనుక భాగం నీళ్లలో ఉంచి, సరిగ్గా కప్ప తేలినట్టు తేలింది. ఎనభై దాటిన వయసులో తన పనిని మళ్లీ మొదటి నుంచి సరిచేసుకున్నాడు.

ఆయన పోయిన తర్వాత మా చెరువూ మారింది. మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు నీళ్లు ఎక్కువ నిలవడం మంచిదే అయింది. కానీ అంచులు నిటారుగా తవ్వేసరికి తుంగ పెరిగే పలచటి నీళ్లు పోయాయి. గుటక ఇప్పుడు తూము వెనుక మూలలోనే వినబడుతుంది. అక్కడ కొంత జమ్ము మిగిలింది. అంచు మీద కనీసం ఒక పక్కనైనా తుంగను వదిలేయమని సొసైటీ వాళ్లను అడుగుతూనే ఉన్నాను. ఈ ఏడాది ఒప్పుకున్నారు.

నేను చేసేది సీసం పెట్టిన ఆ రెండో రకం కప్పనే. ఇప్పటి హవాయి చెప్పుల్లో చాలావాటి రబ్బరు స్పంజిలా ఉండి రెండు చేపలకే చిరుగుతోంది. పాత రకం గట్టి రబ్బరు చెప్పు అరిగినది దొరికితే దాచిపెట్టుకుంటాను. కాళ్లకు ట్యూబు పేలికల కంటే యూరియా బస్తా పోగులు మేలని తేలింది, నీళ్లలో ఆగినప్పుడు కూడా అవి విచ్చుకుని ఊగుతాయి. డల్లాస్ తమ్ముడికి పోయినసారి కొన్ని ఇచ్చి పంపాను. వాడి కొడుకు అడిగింది ఒకటే, ముళ్లు బయటికి వచ్చే కోత ఎంత లోతు ఉండాలని. రెండు గింజల వడ్లు నిలువుగా దిగేంత అని చెప్పాను. చిన్నతాత నాకు చెప్పిన కొలత అదే.